చీనీయా, దానిమ్మా, వేరుశనగా? మార్కుల పట్టిక, ఏహెచ్‌పీ, ఫజీ గ్రాఫ్‌లలో ఏ పద్ధతితో తేల్చుకోవాలి

అనంతపురం వైపు ఐదెకరాల ఎర్రనేల, ఒకే ఒక్క బోరు. చీనీ (బత్తాయి) పెట్టాలా, దానిమ్మ పెట్టాలా, లేక వాననే నమ్ముకుని వేరుశనగలో కంది వేసుకుంటూ పోవాలా? ఇలాంటి చిక్కును తేల్చడానికి పనికొచ్చే లెక్కల పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. అవే అంకెలు ఇచ్చినా ఒక పద్ధతి దానిమ్మను మొదట పెడుతుంది, ఇంకొకటి దాన్నే చివరికి తోస్తుంది. అందుకే పంట కన్నా ముందు పద్ధతిని ఎంచుకోవాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నడిపేవాళ్లు, వ్యవసాయ, ఉద్యాన శాఖల్లో పనిచేసేవాళ్లు, ఈ విషయం మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: ఒకచోట ఉన్న లోటును ఇంకోచోట ఉన్న మిగులు పూడ్చగలదా? మోటారుబండి కొనేటప్పుడు పూడ్చగలదు. మైలేజీ కాస్త తక్కువైనా ధర తక్కువ కాబట్టి సరిపెట్టుకుంటాం. తోట విషయంలో అలా కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిపోతే మార్కెట్‌లో ధర ఎంత బాగున్నా చెట్టుకు ఒరిగేది లేదు. మొదటి రకం నిర్ణయాలకు కూడికల పద్ధతులు (మార్కులన్నీ కలిపి చూసేవి), రెండో రకానికి గొలుసు పద్ధతులు (అతి బలహీనమైన లంకెను చూసేవి) సరిపోతాయి. ఈ తేడా పట్టించుకోకపోతే మిగతా లెక్కంతా ఎంత జాగ్రత్తగా చేసినా దండగే.

రెండో ప్రశ్న: మీరు రాసుకున్న అంశాలు విడివిడివా, ఒకదాన్నొకటి లాగుతాయా? లాగితే ఆ ప్రభావం ఒకవైపే పోతుందా, చుట్టూ తిరిగి మొదటికే వస్తుందా?

మూడోది: మీ చేతిలో ఉన్నది కొలిచిన అంకెలా, అనుభవం ఉన్నవాళ్ల మాటలా? ‘నీళ్లు ఫర్వాలేదు’, ‘తెగులు భయం ఉంది’ లాంటి మాటలే ఆధారమైతే వాటికి దశాంశం తర్వాత మూడు స్థానాల దాకా విలువలు కట్టడం కుదరదు.

ఇక పని భారం, ఫలితాన్ని పదిమందికి విప్పి చెప్పగలగడం. ఇవి చిన్నవే అయినా సమావేశంలో నెగ్గేదీ ఓడేదీ చాలాసార్లు వీటి వల్లే.

కింది పోలిక అంతటికీ ఒకే ఉదాహరణ. పదికి వేసిన ఈ మార్కులు లెక్క చూపడానికి తీసుకున్నవి మాత్రమే. మీ ఊరికి మీ అంకెలు వేసుకోవాలి.

| అంశం (వెయిటేజీ) | చీనీ | దానిమ్మ | వేరుశనగ + కంది |
|---|---|---|---|
| నీరు చాలడం (0.3) | 5 | 6 | 6 |
| తెగుళ్లకు తట్టుకోవడం (0.2) | 7 | 4 | 7 |
| అమ్ముకునే వీలు (0.2) | 6 | 6 | 5 |
| ఆదాయం (0.3) | 7 | 9 | 3 |

వెయిటేజీ మార్కుల పట్టిక

ప్రతి మార్కును దాని వెయిటేజీతో గుణించి కూడాలి. చీనీకి 1.5 + 1.4 + 1.2 + 2.1 = 6.2. దానిమ్మకు 1.8 + 0.8 + 1.2 + 2.7 = 6.5. వేరుశనగ, కందికి 5.1. దానిమ్మ గెలిచింది. ఆదాయం మీద మోజుతో వెయిటేజీ ఎక్కువ ఇచ్చామేమోనని నీటికి 0.4 వేసి, ఆదాయాన్ని 0.2కి దించినా దానిమ్మే ముందుంటుంది: 6.2, చీనీ 6.0, వేరుశనగ 5.4.

ఇక్కడ తెగులుకు పడ్డ 4 ఏమైపోయింది? ఆదాయంలోని 9 దాన్ని మింగేసింది. బ్యాక్టీరియా మచ్చ తెగులు తోటంతా పాకితే ఆ 9 అనే ఆదాయమే ఉండదని పట్టికకు తెలియదు. అది ఈ పద్ధతి స్వభావం, వెయిటేజీలు ఎన్నిసార్లు సవరించినా పోదు.

అయినా ఈ పద్ధతిని తీసిపారేయకండి. అరగంటలో అయిపోతుంది, అందరికీ అర్థమవుతుంది. డ్రిప్ కంపెనీల్లో ఒకదాన్ని, రెండు ట్రాక్టర్లలో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఇంతకు మించింది అక్కర్లేదు.

ఏహెచ్‌పీ: జతల పోలిక

ఏహెచ్‌పీ అంటే అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్, థామస్ సాటీ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. వెయిటేజీని నేరుగా అడగదు. ‘తెగులు కన్నా నీరు ఎన్ని రెట్లు ముఖ్యం?’ అని రెండేసి అంశాలను పక్కపక్కన పెట్టి 1 నుంచి 9 దాకా విలువ అడుగుతుంది. ఆ జవాబుల నుంచి వెయిటేజీలు అవే తేలతాయి.

దీనిలో నిజంగా విలువైనది పొంతన పరీక్ష. తెగులు కన్నా నీరు 3 రెట్లు, మార్కెట్ కన్నా తెగులు 2 రెట్లు అన్నారనుకోండి. అప్పుడు మార్కెట్ కన్నా నీరు 6 రెట్లు కావాలి. మీరు 4 అని రాస్తే పొంతన నిష్పత్తి (జవాబులు ఒకదానికొకటి ఎంత పొసగడం లేదో చూపే అంకె) 0.016 వస్తుంది, ఫర్వాలేదు. 2 అని రాస్తే 0.117. సాటీ పెట్టిన హద్దు 0.10 దాటింది కాబట్టి మళ్లీ కూర్చోవాలి. పెద్దమనుషులు పదిమంది తలో మాట చెప్పే సమావేశంలో, ‘మీ మాటకు మీ మాటే పొసగడం లేదు’ అని ఎవరినీ నొప్పించకుండా చెప్పేది ఈ అంకె ఒక్కటే.

ఇబ్బంది ఎక్కడంటే, అంశాలు పెరిగేకొద్దీ పోలికలు విపరీతంగా పెరుగుతాయి. 5 అంశాలకు 10 జతలు, 8కి 28, 10కి 45. ఇరవై దాటాక జవాబిచ్చేవాళ్లు విసుగుతో నడిమి అంకెలు వేసేస్తారు. ఇక అసలు లోపం పట్టికదే: చివరికి ఇదీ కూడికే. ఒకచోట లోటును ఇంకోచోట మిగులు ఇక్కడా మింగుతుంది. వెయిటేజీలు నమ్మకంగా వచ్చినంత మాత్రాన దానిమ్మ సంగతి తేలదు.

ఫజీ గ్రాఫ్: గొలుసులో బలహీనమైన లంకె

లోట్ఫీ జాదే 1965లో ఫజీ సమితులను ప్రతిపాదించాడు. అవును, కాదు అని రెండే కాకుండా 0 నుంచి 1 దాకా ఎంతవరకు నిజమో చెప్పే పద్ధతి అది. దాన్ని గ్రాఫ్‌లకు (బిందువులు, వాటిని కలిపే గీతలతో వేసే బొమ్మలకు) తెచ్చిన తొలి నిర్వచనం 1973లో కాఫ్‌మన్‌ది. 1975లో రోజెన్‌ఫెల్డ్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టాడు. మనకు కావాల్సినవి అందులోని మూడు నియమాలు:

- ప్రతి బిందువుకూ, ప్రతి గీతకూ 0 నుంచి 1 మధ్య ఒక విలువ ఉంటుంది. గీత విలువ దాని రెండు కొసల బిందువుల్లో చిన్నదాన్ని మించకూడదు.
- ఒక దారి బలం అంటే ఆ దారిలోని గీతల్లో అతి చిన్న విలువ.
- రెండు బిందువుల మధ్య అనుసంధానం అంటే ఉన్న దారులన్నిటిలో బలమైన దాని బలం.

రోజెన్‌ఫెల్డ్ గీతలకు దిశ లేదు. మన పనికి నీటి నుంచి డబ్బు వైపు దిశ ఉన్న గీతలు వేసుకుంటాం, మిగతా నియమాలు అవే.

బిందువును ఒక్క మాటతో కాకుండా వాక్యంగా రాయాలి. ‘నీరు’ అని రాస్తే ఒకరు బోరు లోతు అనుకుంటారు, ఇంకొకరు వాన అనుకుంటారు. ‘ఏప్రిల్, మేలో ఈ పంటకు బోరు నీళ్లు చాలడం’ అని రాయాలి. అప్పుడే పంటను బట్టి విలువ మారుతుంది: చీనీకి 0.5, దానిమ్మకు 0.6. విలువలు వేయడానికి ఐదు మెట్లు ముందే ఖాయం చేసుకోండి: నమ్మలేం 0.1, కష్టమే 0.3, అటూఇటూ 0.5, పర్లేదు 0.7, గట్టిదే 0.9. వాదన తెగకపోతే నడిమి విలువలు వాడొచ్చు. ముందు బిందువులు, తర్వాతే గీతలు.

చీనీకి బిందువులు: నీరు చాలడం 0.5, తోట ఆరోగ్యం 0.7, కాపు 0.7, మార్కెట్ యార్డు 0.7, తోటమీది బేరం (కాయ చెట్టు మీద ఉండగానే గుత్తకు ఇచ్చేయడం) 0.6, చేతికొచ్చే డబ్బు 1.

| గీత | మించకూడని హద్దు | ఇచ్చిన విలువ |
|---|---|---|
| నీరు → తోట | 0.5 | 0.5 |
| తోట → కాపు | 0.7 | 0.7 |
| కాపు → యార్డు | 0.7 | 0.6 |
| యార్డు → డబ్బు | 0.7 | 0.6 |
| కాపు → తోటమీది బేరం | 0.6 | 0.6 |
| బేరం → డబ్బు | 0.6 | 0.5 |

యార్డు దారిలో చిన్న విలువ 0.5. తోటమీదే గుత్తకు ఇచ్చే దారిలోనూ 0.5. అనుసంధానం 0.5. యార్డులో సూట్ పేరుతో తీసే కోత తగ్గించాలని సంఘం ఎంత పోరాడినా, ఆ గీతలు 0.7కి చేరినా, ఈ తోటకు ఫలితం 0.5 దాటదు. అడ్డు నీటి దగ్గర ఉంది. 0.6 కన్నా తక్కువ గీతలన్నీ చెరిపేసి చూస్తే ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది: నీరు అనే బిందువు మిగతా బొమ్మ నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడుతుంది.

ఇప్పుడు నీటికుంట తవ్వి, నీరు 0.7కి, నీరు → తోట గీత 0.7కి చేరాయనుకుందాం. యార్డు దారి బలం 0.6కి పెరిగింది. గుత్త దారి 0.5 దగ్గరే ఉంది. అనుసంధానం 0.6. అడ్డు నీటి నుంచి అమ్మకానికి జరిగింది. కుంటకు ముందు ‘కాపు → యార్డు’ గీత తీసేసినా గుత్త దారి ఉంది కాబట్టి 0.5 అలాగే ఉండేది. కుంట తర్వాత అదే గీత తీసేస్తే 0.6 కాస్తా 0.5కి పడిపోతుంది. ఇలా తీసేస్తే అనుసంధానం తగ్గే గీతను ఫజీ వంతెన అంటారు. సంఘం యార్డు మీద డబ్బూ శ్రమా పెట్టాల్సింది నీటికుంట అయ్యాక, ముందు కాదు. పెట్టుబడుల వరసను ఇలా చెప్పడం మార్కుల పట్టికకు చేతకాదు.

దానిమ్మలో కథ వేరు. నీరు 0.6, తోట ఆరోగ్యం 0.4 (మచ్చ తెగులు), కాపు 0.6, వ్యాపారి 0.7. తోట బిందువే 0.4 కాబట్టి దాన్ని తాకే ఏ గీతా 0.4 దాటదు. బలం 0.4. నీటికుంట తవ్వినా అంతే. ఇక్కడ విప్పాల్సిన ముడి కుంట కాదు, బహార్ (చెట్టును ఏ కాలంలో పూతకు తేవాలన్న ఎంపిక). కాయ పెరిగే కాలం వానల్లో పడకుండా హస్త బహార్ (సెప్టెంబరు, అక్టోబరు పూత) పడితే తెగులు ఒత్తిడి తగ్గుతుంది. తోట విలువను 0.6 చేయొచ్చు. కానీ అప్పుడు నీటి అవసరం చలికాలం నుంచి ఎండాకాలం అంచు దాకా జరుగుతుంది, నీరు 0.6 నుంచి 0.5కి తగ్గించాలి. ఫలితం 0.5. అంటే బహార్ మార్పు పనికొచ్చింది, ఆశించినంత కాదు. ఒక బిందువును ఎత్తేటప్పుడు ఇంకేది దిగుతుందో అడగడం మరవకండి, ఎక్కువ మంది ఆ సగం పని వదిలేస్తారు.

వర్షాధారానికి రెండు సమాంతర దారులు. వేరుశనగ దారిలో ఊడలు దిగే దశలో బెట్ట లేకపోవడం 0.4, అక్కడే దారి బలం తేలిపోయింది. కంది దారి విత్తే వాన (0.6), పూతకు తడి (0.6), అమ్మకం (0.5) మీదుగా 0.5. పెద్దదాన్నే తీసుకుంటాం కాబట్టి మొత్తం 0.5. మన పెద్దలు చెనక్కాయ చేలో కంది సాళ్లు ఎందుకు వదిలేవారో ఈ ఒక్క నియమం చెబుతుంది.

| | మార్కుల పట్టిక | ఫజీ గ్రాఫ్ | అడ్డు ఎక్కడ |
|---|---|---|---|
| చీనీ | 6.2 | 0.5 (కుంటతో 0.6) | నీరు, తర్వాత అమ్మకం |
| దానిమ్మ | 6.5 | 0.4 (హస్త బహార్‌తో 0.5) | తెగులు, తర్వాత నీరు |
| వేరుశనగ + కంది | 5.1 | 0.5 | అమ్మకం |

అయితే జాగ్రత్త. చీనీకి వచ్చిన 0.5, వర్షాధారానికి వచ్చిన 0.5 ఒకే డబ్బును సూచించవు. ఫజీ గ్రాఫ్ చెప్పేది దారి ఎంత నమ్మదగిందో, ఆ దారిలో ఎన్ని లక్షలు వస్తాయో కాదు. చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుందన్న సంగతీ ఆ అంకెలో లేదు. ఆదాయాన్ని ఒక బిందువుగా ఇందులో ఇరికించే ప్రయత్నం చేయకండి. పక్కన వేరే గడిలో రాసుకుని రెండిటినీ కలిపి చూడండి.

లెక్కకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పది బిందువుల దాకా కాగితం మీదే అవుతుంది. అంతకు మించితే ఎక్సెల్‌లో చదరపు పట్టిక వేసి, ఒక బిందువు తనకు తానే ఎదురయ్యే గడుల్లో 1 పెట్టి, గుణకారం చోట మిన్, కూడిక చోట మ్యాక్స్ పెట్టి తనతో తనను కలుపుతూ పోవాలి. బిందువుల సంఖ్య కన్నా ఒకటి తక్కువ సార్లు చేస్తే చాలు, తరచూ అంతకు ముందే అంకెలు కదలడం ఆగిపోతాయి. గీతలకు దిశ లేకపోతే ఇంకో దగ్గరి దారి ఉంది: మాగ్జిమమ్ స్పానింగ్ ట్రీ (చుట్టు తిరగకుండా, వీలైనంత పెద్ద విలువల గీతలతో బిందువులన్నిటినీ కలిపే చెట్టు) కడితే ఏ రెండు బిందువుల మధ్యనైనా బలమైన దారి అందులోనే దొరుకుతుంది. దిశ ఉన్న గ్రాఫ్‌కు ఇది వర్తించదు.

ఫజీ కాగ్నిటివ్ మ్యాప్: చుట్టూ తిరిగి వచ్చే ప్రభావాలకు

బార్ట్ కోస్కో 1986లో ఇచ్చిన ఈ పద్ధతిలో గీతలకు దిశతో పాటు గుర్తూ ఉంటుంది, −1 నుంచి +1 దాకా. ఒక్క రైతు కన్నా మండలం స్థాయిలో ఆలోచించేవాళ్లకు ఇది పనికొస్తుంది. చీనీ ధర పెరిగితే తోటల విస్తీర్ణం పెరుగుతుంది (+0.7). విస్తీర్ణం పెరిగితే భూగర్భ జలం తగ్గుతుంది (−0.8). జలం బాగుంటే దిగుబడి బాగుంటుంది (+0.6). దిగుబడి పెరిగితే ధర తగ్గుతుంది (−0.5). నాలుగింటినీ గుణిస్తే +0.168. గుర్తు ప్లస్ కాబట్టి ఇది తనను తాను పెంచుకునే చక్రం: ధర ఎక్కేకొద్దీ బోర్లు లోతుకు పోతాయి, దిగుబడి పడి ధర ఇంకా ఎక్కుతుంది. ‘ఎక్కువ మంది వేస్తే ధర అదే పడిపోయి సర్దుకుంటుందిలే’ అన్న ధీమాకు ఈ చక్రం అడ్డుపడుతుంది. సర్దుబాటు చక్రం కూడా ఉంది, కాకపోతే కొత్త తోటల సరుకు యార్డుకు వచ్చేసరికి నాలుగైదేళ్లు దాటుతుంది. మామూలు మ్యాప్‌లో ఆ ఆలస్యం కనబడదు, దాని ఒక్కో అడుగుకు ఏళ్ల లెక్క లేదు.

ఇంకో ఉచ్చు: విలువలను 0–1 మధ్యకు అదమడానికి సిగ్మాయిడ్ అనే సూత్రం వాడితే, ఏ ప్రభావమూ లేని బిందువు కూడా 0.5 చూపిస్తుంది. అది ఫలితం కాదు, సూత్రం ఇచ్చే అంకె. పెరుగుదల, తగ్గుదల రెండూ చూడాలంటే విలువలను −1 నుంచి +1 మధ్యకు తెచ్చే హైపర్బోలిక్ టాంజెంట్ సూత్రం వాడండి.

డిమాటెల్ అనే పద్ధతీ ఇదే కుటుంబం. ఏది కారణం, ఏది పర్యవసానం అని వేరు చేయడానికి 0 నుంచి 4 దాకా అంకెలతో చేస్తారు. అంశాలు పదిహేను, ఇరవై ఉండి, వేటిని ముందు పట్టుకోవాలో తెలియనప్పుడు మొదటి వడపోతకు మంచిది. పంటను ఎంచి ఇవ్వదు.

ఎవరికి ఏది

ఒక్క రైతు, ఒక్క పొలం అయితే మార్కుల పట్టిక వేసి, దాని పక్కనే ప్రతి పంటకూ ఒక గొలుసు గీసి అతి బలహీనమైన లంకెకు చుట్టూ సున్నా పెట్టండి. రెండు జవాబులూ ఒకటైతే ముందుకు పోవచ్చు. తేడా వస్తే గొలుసు మాటే వినండి.

రైతు సంఘానికి పూర్తి ఫజీ గ్రాఫ్ దండగ కాదు. కర్నూలు ఉల్లిని కర్నూలు యార్డులోనే అమ్మాలా, తాడేపల్లిగూడెం పంపాలా, హైదరాబాద్ పంపాలా అన్నది అచ్చంగా దారుల ప్రశ్నే. ఆరబెట్టడం, గోతాలు, లారీ దొరకడం, దించిన చోట తూకం, డబ్బు చేతికి రావడం: ఒక్కో దారికి ఒక్కో బలహీన లంకె ఉంటుంది. పైగా ఒక దారి మూసుకుపోతే మిగిలే బలమెంతో ముందే తెలుస్తుంది.

నిధులు ఖర్చు చేసే కమిటీకి, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సిన చోట ఏహెచ్‌పీ మేలు. పొంతన నిష్పత్తిని సమావేశం మినిట్స్ పుస్తకంలో రాసుకోవచ్చు. కానీ ముందుగా గొలుసు జల్లెడ పట్టి, 0.3 కన్నా బలహీనమైనవి తీసేసి, మిగిలినవాటికే జతల పోలిక చేయండి. ఈ రెంటి కలయిక విడివిడి పద్ధతుల కన్నా బాగా నిలబడుతుంది.

అనంతపురం జేఎన్‌టీయూలోనో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇంట్యూషనిస్టిక్ ఫజీ గ్రాఫ్ ఆకర్షణీయంగా కనబడుతుంది. గణితవేత్త అటనాసోవ్ ప్రతిపాదించిన సమితుల మీద నిలబడ్డ ఈ రూపంలో ప్రతిదానికీ ఔననే విలువ, కాదనే విలువ రెండూ ఉంటాయి. వాటి మొత్తం 1కి తగ్గితే మిగిలింది సందిగ్ధం. రైతులను రెండు ప్రశ్నలూ విడివిడిగా అడిగి జవాబులు తెచ్చుకోగలిగితేనే దీని జోలికి వెళ్లండి. ఒక విలువ అడిగి, రెండోది ఒకటిలోంచి తీసేసి రాస్తే సందిగ్ధం ఎప్పుడూ సున్నాయే, అది మామూలు ఫజీ గ్రాఫే.

లెక్క ఎక్కడ తప్పుతుంది

0.5ను ‘పదేళ్లలో ఐదేళ్లు’ అని చదవడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. అది సంభావ్యత కాదు, ఆ వాక్యం ఎంతవరకు ఒప్పుకోదగినదో చెప్పే కొలత. ఇరవై ఏళ్ల వాన లెక్కలు మీ దగ్గర ఉంటే సంభావ్యతే వాడండి, ఫజీ విలువ ఎందుకు?

సగటు ఇంకో తప్పు. నీటికి ఒకరు 0.2, ఇంకొకరు 0.8 ఇస్తే 0.5 అని రాసుకుంటారు. ఎవరూ చెప్పని అంకె అది. గ్రాఫ్‌ను 0.2తో ఒకసారి, 0.8తో ఒకసారి నడపండి. పంటల వరస మారకపోతే వాదన అనవసరం. మారితే ఆ బోరు దగ్గరికే వెళ్లి, ఎండాకాలంలో గంటకు ఎన్ని లీటర్లు పోస్తోందో డ్రమ్ము పెట్టి కొలవాలి.

గీత విలువ హద్దు దాటితే చాలామంది గీతను తగ్గించేసి ఊరుకుంటారు. బిందువును తక్కువ అంచనా వేశామా అని కూడా చూడాలి. ‘తోట → కాపు’కు 0.8 అని అందరూ ఒప్పుకుని, తోటకు 0.7 అంటే వాళ్ల మనసులో తోట అనే మాటకు రెండు అర్థాలు ఉన్నట్టు. వాక్యం తిరిగి రాయండి.

బిందువులు మరీ ఎక్కువ పెట్టడమూ దెబ్బే. కనిష్ఠం తీసుకునే లెక్కలో దారి పొడవయ్యేకొద్దీ ఎక్కడో ఒకచోట చిన్న అంకె తగులుతుంది. దానిమ్మకు పన్నెండు బిందువులు, వేరుశనగకు నాలుగు గీస్తే దానిమ్మ ఓడేది గీతల వల్లే. పోల్చే పంటలన్నిటికీ ఇంచుమించు ఒకే వివరంతో గీయాలి.

చివరిగా ప్రతి గీతను 0.1 పైకి, 0.1 కిందికి జరిపి చూడండి. పై ఉదాహరణలో చీనీ ‘నీరు → తోట’ గీత 0.4కి దిగితే అనుసంధానమూ 0.4కి దిగి, చీనీ దానిమ్మ పక్కన చేరుతుంది. యార్డు గీతల్లో ఏది అంతే కదిలినా 0.5 చెక్కుచెదరదు. కొలవడానికి డబ్బు, సమయం కొద్దిగానే ఉంటే అవి మొదటి గీత మీదే పెట్టాలి.